అయిదు బొమ్మల భవిష్యత్తు

ఇంజనీరింగ్ సీటుకు ఆప్షన్లు పెట్టడానికి శనివారం ఆఖరు. గురువారం దాకా నవ్య ఎటూ తేల్చుకోలేదు.

ర్యాంకు మంచిదే వచ్చింది. వచ్చిన చిక్కల్లా అదే. రాకపోయుంటే ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఇప్పుడు ఖిలా వరంగల్‌లో ఎదురైన ప్రతివాళ్లూ సలహాదారులే. పాలాయన కంప్యూటర్స్ తీసుకోమన్నాడు. పదో తరగతి మూడుసార్లు రాసిన అనుభవంతో పక్కింటి యమునత్త కంప్యూటర్స్ వద్దే వద్దంది.

తండ్రి మొగిలిది మాత్రం ఒకటే మాట. కోట దగ్గర ఇరవై ఏళ్లుగా మిర్చి బండి నడుపుతున్నాడు.

"నేను నూనె కాడ మాడింది సాలు. నువ్వు ఏసీల కూసోవాలె బిడ్డా" అంటాడు.

ఏసీ అంటే నవ్యకు మాత్రం చేదా? కానీ అన్నేళ్లు చదివాక ఆ కుర్చీ దొరక్కపోతే? దొరికినా నిలవకపోతే? ఆ భయంతో పిల్లకు అన్నం సయించడం లేదు.

ఆ గురువారమే కాలేజీలో కెరీర్ గైడెన్స్ పెట్టారు. ఈ కాలం పిల్లలు అక్షరాలు చదవరని ఒక సంస్థ పెద్దలు తేల్చేశారట. మొత్తం భవిష్యత్తును అయిదు బొమ్మల కామిక్‌గా కుదించి, పొడుగాటి కాగితం మీద వరుసగా అచ్చు వేయించి పంపారు. మందుకైనా ఒక్క మాట లేదు. వివరించే పని సదానందం సార్ మీద పడింది. ఆయనా అప్పుడే చూస్తున్నాడు.

"మొదటి బొమ్మ సూడుండ్రి. అమ్మాయి మెడల కార్డేసుకోని కంపెనీల కూసున్నది. ఉద్యోగం అన్నట్టు."

పిల్లలంతా తలలూపారు.

"రెండోది. టేబులుకు అటుదిక్కు ముగ్గురు సార్లు, ఇటుదిక్కు అమ్మాయి." సార్ కాస్త ఆగాడు. "ఉద్యోగం ఊడబీకుతాండ్లు."

"మూడోది సార్?"

"సర్టిఫికెట్ల ఫైలు పట్టుకోని లైన్ల నిలబడ్డది. ఇంకో కొలువు దొరుకుతదేమోనని. నాలుగోదాంట్ల పుస్తకాల కుప్ప ముంగట వేసుకోని సదువుతాంది. అంటే గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితాంది." ఆయన ఆ బొమ్మ మీద వేలుంచాడు. "మా పెద్దోడు ఇప్పుడు ఈ బొమ్మలనే ఉన్నడు."

అయిదో బొమ్మలో అమ్మాయి మిర్చి బండి దగ్గర నిలబడి బజ్జీలు వేస్తోంది.



"ఇంత ఉన్నదున్నట్టు చెప్పిన గైడెన్స్ నా సర్వీసుల సూడలే" అన్నాడు సార్, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

నవ్యకు గుండెల మీది బండ దిగినట్టయింది. సాయంత్రం ఆ కాగితాన్ని తండ్రి ముందు పరిచింది. మొగిలికి చదువు రాదు. బొమ్మలకు చదువెందుకు? ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి, సార్ చెప్పిందంతా అప్పజెప్పింది.

"అంత తిరిగి ఆఖరికి ఈడికే వచ్చుడా?" అన్నాడు మొగిలి.

"అవ్ బాపూ. నడుమ ఏండ్లకేండ్లు ఆగం జేసుకునుడెందుకు? నేను సక్కగ ఆఖరి బొమ్మకే వస్త."

మొగిలి పొయ్యి మంట తగ్గించాడు. ఇన్నేళ్ల ఆశ మరి. బాధేసింది. కానీ వెనక వీధి పాండురంగం కొడుకు కళ్లముందు మెదిలాడు. బీటెక్ చేసి, హైదరాబాద్ పోయి, తిరిగొచ్చి ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

"సదువుకున్నోళ్లు అచ్చేసిన కాగితం. ఉత్తగ ఎందుకేస్తరు?" అంటూ శనగపిండి గిన్నె ఆమె ముందుకు జరిపాడు.

శనివారం గడిచిపోయింది. నవ్య ఆప్షన్లు పెట్టలేదు. కాగితాన్ని లామినేషన్ చేయించి బండికి కట్టింది.

ఆమె చేతి బజ్జీకి రెండు నెలల్లో పేరొచ్చింది. కోట చూడవచ్చిన బీటెక్ కుర్రాళ్లు ఆ కాగితం ముందు ఆగి, తాము ఎన్నో బొమ్మలో ఉన్నారో లెక్కేసుకుని, నిట్టూర్చి, ఇంకో ప్లేటు చెప్పేవారు.

ఒకరోజు స్నేహితురాలు తబస్సుమ్ తన మేనమామను బండి దగ్గరికి తీసుకొచ్చింది. మండీ బజార్‌లో సైన్‌బోర్డులు రాసే ఉబేద్.

"నవ్యా, గీ బొమ్మలు గీసింది మా మామూనే!"

నవ్య చేతులు తుడుచుకుని గబగబా ముందుకొచ్చింది. ఆయన కోసం వేడివేడిగా నాలుగు బజ్జీలు తీసింది.

"మీ బొమ్మలు సూసే నేను దారి తెలుసుకున్న మామూ. మీరు సూపెట్టినట్టే చేసిన."

ఉబేద్ ముఖం వెలిగిపోయింది. కాగితం చూశాడు. నవ్య చేతిలోని జల్లిగరిటె చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

చిన్నప్పటి నుంచీ ఉర్దూ మీడియంలో చదువుకున్న ఆయన, కుడి చివరనున్న మిర్చి బండి బొమ్మ మీద వేలు పెట్టి, "మరి మొదటి బొమ్మ కాడనే ఆగిపోయినవేంది బేటీ?" అన్నాడు.