గోవిందరాజులు గారి తెరచాప పడవ

గోవిందరాజులు గారు పడవని వేలి కణుపుతో టక్కున కొట్టి చెవి ఆనించారు.

ఏలూరులో ఆయనది ఇత్తడి సామాన్ల కొట్టు. ముప్పై ఏళ్లుగా బిందెల్నీ, గంగాళాల్నీ అలా మోగించి చూసే కొన్నారు, అమ్మారు. పడవకి వేరే పరీక్ష ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

“మోత బాగానే ఉంది,” అన్నారు గంభీరంగా.

“బర్మా టేకండీ. మోగకేం చేస్తుందండీ,” అన్నాడు ఖాదర్.

ఖాదర్ కైకలూరులో పాత సామాన్ల బేరాలు కుదిర్చే మనిషి. నోట్లోంచి ఏ మాటొచ్చినా వెనకాల ఓ ‘అండీ’ ఉండి తీరుతుంది. కొల్లేటి రేవులో తాటిదోనెల మధ్య ఆ పడవ కోళ్లలో నెమలిలా నిలబడి ఉంది. దాన్ని చూపించడంలో ఖాదర్‌కి అలుపన్నది లేదు.

“రెండు తెరచాపలండీ. చుక్కాని ఒంటి చేత్తో తిప్పుకోవచ్చండీ. లోపల గది, పొయ్యి, నిలువుటద్దం, తుపాకులు తగిలించుకోడానికి కొక్కేలండీ. తమరొకసారి ఆ మంచం మీద పడుకుని చూడండి.”

గోవిందరాజులు గారు పడుకున్నారు. ఆయన కాళ్లు అయిపోయాక ఇంకా మూరెడు మంచం మిగిలింది.

“ఇంత పొడుగు మంచం ఎవరికయ్యా?”

“పొడుగాటి వాళ్లకండీ.”

ఆయన ముసిముసిగా నవ్వుకున్నారు. పడవ తనకోసం కాదుగా మరి.

ఆయనకి కావలసింది రావ్ సాహెబ్ బిరుదు. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు సత్యనారాయణమూర్తికి కిందటేడు వచ్చేసింది. అప్పట్నించీ ఏ పెళ్లికెళ్లినా ముందు కుర్చీ అతనిదే. ఎలా సంపాదించావయ్యా అంటే నవ్వి ఊరుకుంటాడు. గోవిందరాజులు గారికి అన్నం సయించడం మానేసింది.

బిరుదులకి పేర్లు రాసి పంపేది జిల్లా కలెక్టరు బ్రాంఫీల్డు దొర. ఆ దొర నిప్పు. దర్శనానికెళ్లిన వాళ్ల చేతిలో నిమ్మకాయ తప్ప ఇంకేదీ ముట్టడు. గోవిందరాజులు గారు పంపిన వెండి పళ్లెం వెళ్లిన బండిలోనే తిరిగొచ్చింది. చివరికి దొరగారి బంట్రోతే జాలిపడి చెవిలో ఊదాడు.

“దొరగారికి కొల్లేట్లో బాతుల వేటంటే ప్రాణమండీ. తెరచాప పడవుంటే బాగుండునని ఒకటే నిట్టూర్పులు. కైకలూరు ఖాదర్ దగ్గర ఏదో పాతది అమ్మకానికుందటండీ.”

ఖాదర్ ధర చెప్పాడు. గోవిందరాజులు గారు మంచం మీద లేచి కూర్చున్నారు.

“పాతదేగా?”

“పాతది కాబట్టే ఈ ధరండీ. కొత్తదయితే తమకి చెప్పడానికి నాకు ధైర్యం చాలదండీ.”

“ఇంతకీ ఎవరిదయ్యా ఇది?”

“పెద్దమనిషిదండీ. అమ్ముకున్నారని తెలిస్తే నామోషీ అని పేరు చెప్పొద్దన్నారండీ.”

ఎవరో చితికిపోయిన జమీందారు అయ్యుంటాడనుకున్నారు గోవిందరాజులు గారు. పాపం, జాలి కూడా పడ్డారు.

ఇంటికొచ్చి భార్య సుందరమ్మ గారిని కామవరపుకోట మామిడితోట కాగితాలు అడిగారు.

“అది మా నాన్న నాకు పసుపుకుంకాల కింద ఇచ్చిన తోటండీ. దాన్ని తీసుకెళ్లి నీళ్లలో పోస్తారా?”

“నీళ్లలో కాదే, నీళ్ల మీద. బిరుదులు చాటేది జనవరి ఒకటిన. ఆ రోజుకల్లా నువ్వు రావ్ సాహెబు గారి భార్యవి.”

“మీ పేరులో ఉన్న రాజులు చాలలేదూ?” అని ఆవిడ కాగితాలు ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు ఆయనకి వినపడింది. విని, కండువా సర్దుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి బయల్దేరారు.

వారం తిరక్కుండా దొరగారి విడిది బంగళా రేవుకి పడవ చేరింది. గోవిందరాజులు గారు దానికి బంతిపూల దండ వేయించి, బొట్టు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించారు. నడిపించుకొచ్చిన ఖాదర్ ఓ పక్కన చేతులు కట్టుకు నిలబడ్డాడు. దొర ఎదుట చెప్పులతో ఉండకూడదు కదా, గోవిందరాజులు గారు తన కిర్రుచెప్పులు రేవులోనే విప్పి వంగి వంగి దణ్ణాలు పెట్టారు.

“నో, నో. మేము కానుక తీస్కోదు,” అన్నాడు దొర.

“కానుక కాదండీ, మా భక్తి.”

దొర మూడుసార్లు వద్దన్నాడు. నాలుగోసారి, ముసలివాడి మనసు నొప్పించలేనన్నట్టు నిట్టూర్చి పడవెక్కాడు. గది వాకిలి చాలా పొట్టిది. తల తగులుతుందేమోనని గోవిందరాజులు గారు హడలిపోయారు గానీ దొర సరిగ్గా వంగాల్సిన చోటే వంగి లోపలికి దూరి, మంచం మీద కాళ్లు బారజాపాడు. పాదాలు అంచుకి ఆనాయి. కొలిచి చేయించినట్టే ఉందని గోవిందరాజులు గారు మురిసిపోయారు.

“మీ పేరు మేము రాస్తుంది,” అన్నాడు దొర.

గోవిందరాజులు గారికి నేల ఆనలేదు. రోడ్డు మీద బండి దగ్గరికి వచ్చేశాక గానీ కాళ్లకి చెప్పులు లేవన్న సంగతి తెలియలేదు. కాబోయే రావ్ సాహెబు వట్టి కాళ్లతో ఏలూరు వెళ్తే బాగుండదని వెనక్కి నడిచారు.

రేవులో చెప్పుల కోసం వంగారు. పడవ గదిలోంచి దొర గొంతు వినబడింది. తెలుగు ఎక్కడా తడబడడం లేదు.

“ఖాదర్, నా పడవ తీసుకెళ్లి మళ్లీ నీ రేవులో కట్టెయ్, రేపు పొద్దున్నే ఇంకో రావ్ సాహెబు కొనడానికొస్తున్నాడు.”