కారు నెత్తిన సైకిలు

ఎర్రలైటు పడి కారు ఆగిందో లేదో, బానెట్ మీద ఎవరో అరచేత్తో దభీమని కొట్టారు.

ఖాకీ చొక్కా. తాటిచెట్టంత మనిషి. ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాడో గానీ రొప్పుతున్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది, చెప్పుల నిండా దుమ్ము.

"బండి పక్కకి తియ్యి."

ఖాకీ కనబడితే ఎంత పెద్దమనిషైనా ఓసారి భుజాలు తడుముకుంటాడు. కారాయన కిక్కురుమనకుండా పక్కకి తీసి, మూసి ఉన్న టైర్ల కొట్టు ముందు ఆపాడు. పక్కసీట్లో ఉన్న బావమరిది గబగబా సీటుబెల్టు పెట్టుకున్నాడు.

"తాళాలు ఇటివ్వు."

ఇచ్చేశాడు. ఇచ్చాక గానీ కారాయనకి ఒళ్ళు మండలేదు.

"ఇంతకీ మేం చేసిన తప్పేంటి?"

"పైన అదేంటి?"

"కనబడటం లేదా? సైకిలు. మా అమ్మాయిది. ఇవాళ దానికి పందెం ఉంది. కాసేపుంటే మైదానం గేటు మూసేస్తారు. ఇది అందకపోతే పిల్ల అక్కడే నిలబడి ఏడుస్తుంది. ఆ పాపం మీదే."

"పాపాల సంగతి తర్వాత చూద్దాం. కారు మీద సైకిలు ఎక్కించడానికి రూల్స్ ఉన్నాయి. తెలుసా?"

కారాయన దిగి తలుపు ఫెడీమని వేశాడు. తాతకు దగ్గులు నేర్పుతున్నాడు వీడు అనుకున్నాడు.

"నాకా చెప్తున్నారు? కారు పక్కల నుంచి బయటికి పొడుచుకు రాకూడదు. వచ్చిందా? ఎత్తు హద్దు దాటకూడదు. దాటిందా? వెనక లైట్లు, నంబరు ప్లేటు కనబడాలి. కనబడుతున్నాయా? పైన బిగించిన స్టాండు బరువుతో సహా పైకప్పు మోయగలిగినంతే ఉండాలి. అంతే ఉంది. గాలిపంపు, నీళ్ళ సీసా లాంటి ఊడిపడేవి తీసెయ్యాలి. తీసేశా. పట్టీలు లాగి చూసుకోండి. ఏనుగు లాగినా ఊడవు. వారానికి రెండు సైకిళ్ళు ఇలాగే తీసుకెళ్తాను. ఇంతవరకూ ఒక్కడు వేలెత్తి చూపలేదు!"

"వారానికి రెండా? నీకెంతమంది కూతుళ్ళు?"

బావమరిదికి నవ్వొచ్చింది. బావ చూపు తగిలేసరికి దాన్ని దగ్గు కింద మార్చుకున్నాడు.

"కూతురొక్కతే. పందేలు బోలెడు."

ఖాకీ చొక్కా కారు చుట్టూ తిరిగాడు. చెయ్యెత్తి సైకిలు సీటు తడిమాడు.

"అమ్మాయికి ఎన్నేళ్ళు?"

"పన్నెండు."

"ఇంత ఎత్తు సీటెక్కితే దానికి కాళ్ళందుతాయా?"

"ఎదిగే పిల్ల. ఏడాదికొకటి కొనమంటారా? సీటు ఎత్తుకి కూడా రూలుందా?"

"ఉంది."

"ఏ చట్టం? ఏ సెక్షను? చెప్పండి, వింటాను."

ఖాకీ చొక్కా సీటు మీంచి చెయ్యి తీశాడు. దవడ బిగించాడు.

"స్టేషనుకి పోదాం పద. అక్కడ వాళ్ళే చదివి వినిపిస్తారు. నాకేం తొందర లేదు."

స్టేషను మాట వినగానే బావమరిది కారు దిగి వచ్చేశాడు. "అంత దూరం ఎందుకులెండి సార్... బావా, నువ్వు ఊరుకో. ఇప్పటికే ఆలస్యమైంది. ఆయన వెళ్ళిపోతాడు."

"ఎవరా ఆయన?"

"కోచ్," అన్నాడు కారాయన పళ్ళు నూరుతూ. ఆ నూరడం ఎవరి మీదో చెప్పడం కష్టం.

"సైకిలు దింపండి."

"ఎందుకు?"

"తనిఖీ. నడిచే సైకిలే కారెక్కాలి. నడుస్తుందో లేదో చూడాలి."

"నడిచేదైతే కారెందుకండీ? తొక్కుకుంటూనే పోదుం కదా!"

"దింపమన్నానా!"

కారాయనకి కోపం నషాళానికంటింది. "నోటికొచ్చిందల్లా రూలే! ఇది చట్టం కాదు, కడుపుమంట. ఎదుటివాడికి కారుంటే మీలాంటి వాళ్ళు ఓర్వలేరు."

"అవును. ఓర్వలేకే నడిరోడ్డు మీద పరిగెత్తుకొచ్చాను. దింపు."

బావా బావమరుదులు తిట్టుకుంటూ పట్టీలు విప్పారు. దింపేటప్పుడు హ్యాండిల్ బావమరిది గడ్డానికి తగిలింది. అతను చెయ్యి వదిలేయబోయాడు.

"మెల్లగా!" ఖాకీ చొక్కా ఒక్క అరుపు అరిచాడు. "గీత పడిందంటే ఊరుకోను."

"సైకిలు మాది, గీత మాది. మధ్యలో మీకేంటి నొప్పి?" అని గొణిగాడు కారాయన.

చక్రాలు నేలకి తాకాయి. దారినపోయే ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు.

"నడిపించు."

కారాయన హ్యాండిల్ పట్టుకుని తోశాడు. ముందు చక్రం కదిలింది. వెనకది కదల్లేదు. దానికి తాళం వేసి ఉంది.

"తాళం తియ్యి."

"తాళంచెవి మా అమ్మాయి దగ్గరుంది. మైదానంలో. అందుకే కదా, పోనివ్వండి మహాప్రభో అని మొత్తుకుంటున్నాను!"

"ఇది నీ కూతురి సైకిలేనా?"

"నా కూతురి మీద ఒట్టు."

ఖాకీ చొక్కా అతని మొహంలోకి అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో అసహ్యం తప్ప ఇంకేమీ లేదు. వీడికి మాట రాక నోరు పడిపోయిందనుకున్నాడు కారాయన. పోయిన ధైర్యం తిరిగొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా గొంతు పెంచాడు.

"చూశారుగా! తాళంచెవి లేకుండా ఇది అంగుళం కూడా కదలదు. మరి ఇప్పుడేం చేస్తారు? మీ జేబులో గానీ ఉందా?"

ఖాకీ చొక్కా కారు తాళాలు ఎడమ జేబులో వేసుకుని, కుడి జేబులోంచి ఆ సైకిలు తాళంచెవి తీశాడు.