చెయ్యని వైద్యానికి బిల్లు

“నా కూతురి పేరు చెప్పి సర్కారు సొమ్ము మింగుతున్నారా?”

రోండా స్టర్‌గిల్ అరుపుకి బయట లాకర్ల దగ్గరున్న పిల్లలు ఒక్కసారిగా ఇటు తిరిగారు. ప్రిన్సిపాల్ కాడిల్ గబగబా లేచి తలుపు మూశాడు. ఆమె వృద్ధాశ్రమంలో పని మధ్యలోంచే పరిగెత్తుకొచ్చినట్టుంది. నీలం యూనిఫాం మీద ఎవరో ముసలాయన ఒలకబోసిన సూప్ మరక ఇంకా తడి ఆరలేదు.

“రోండా, ముందు కూర్చో. కాఫీ తాగుతావా?”

“మీ కాఫీ మీరే తాగండి. ఇదేంటో చెప్పండి.” పేదల వైద్యం ఖర్చు భరించే సర్కారు పథకం మెడికెయిడ్ వాళ్ళు ఇంటికి పంపిన కాగితాన్ని బల్ల మీద కొట్టింది. “స్పీచ్ థెరపీ అట! మాటలు రప్పించే వైద్యమట! వారం వారం బ్రైలీకి చేస్తున్నారట! దానికి బిల్లులట!”

“పంపాం. అందులో దాచేదేముంది? ఇక్కడ పిల్లకి వైద్యం మేం చేయిస్తాం, ఆ ఖర్చులో కొంత మెడికెయిడ్ బడికి తిరిగిస్తుంది. బడి తెరిచినప్పుడు నువ్వే ఒప్పుకుని సంతకం పెట్టావు. ఆ డబ్బే రాకపోతే ఈ కొండల్లోకి థెరపిస్టు ఎవరొస్తారు? మన నర్సుని మాత్రం ఎలా నిలబెట్టుకుంటాం?”

“చేస్తే తీసుకోండి, ఎవరు కాదన్నారు? చెయ్యకుండా తీసుకుంటున్నారనే కదా నా గొడవ!”

“చెయ్యలేదని ఎవరన్నారు?”

“ఇంకొకళ్ళు అనడమెందుకు? పిల్ల ఉండేది నా ఇంట్లో. వాళ్ళ నాన్న ఇప్పుడు మాతో లేడు, ఉన్నదే మేమిద్దరం. దాని నోట మాట విని రెండేళ్ళయింది. ఆకలేస్తే నా చొక్కా పట్టుకుని లాగుతుంది. పన్ను నొప్పి పుడితే గోడకి చెంప ఆనించుకుని కూర్చుంటుంది. డాక్టర్లు తల లోపల ఫోటోలు కూడా తీసి, ఏమీ లేదు పొమ్మన్నారు. మీ థెరపిస్టు మిస్ ఓడమ్ మాత్రం ఏం రాసి పంపిందో తెలుసా? బ్రైలీ గలగలా మాట్లాడేస్తోందట, కథలు చదివి వినిపిస్తోందట!” రోండా కాగితాన్ని అతని ముందుకి తోసింది. “అది చదివి నేను పిచ్చిదానిలా పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కసారి అమ్మా అనవే అని బతిమాలాను. నోరు బిగించుకుని నాకేసి అలా చూస్తూ ఉండిపోయింది. డబ్బు కోసం అబద్ధాలాడండి, కానీ ఇలాంటి అబద్ధమా?”

కాడిల్ మొహంలో రంగు మారింది. నిజానికి ఆ పిల్ల గొంతు అతనూ ఎప్పుడూ వినలేదు. థెరపిస్టు రాసింది నమ్మి బిల్లుల మీద సంతకాలు పెట్టింది మాత్రం అతనే.

“మెడికెయిడ్‌లో మోసాలు పట్టే విభాగం వాళ్ళ నంబరు నా దగ్గరుంది,” అంది రోండా, ఫోన్ పైకెత్తి. “సాయంత్రానికల్లా మీ ఇద్దరి సంగతీ తేలుస్తాను.”

“ఆగు. ఇప్పుడు బ్రైలీ థెరపీ గదిలోనే ఉంటుంది. ఇద్దరం వెళ్ళి మన కళ్ళతో చూద్దాం. నువ్వన్నదే నిజమైతే ఆ ఫోన్ నేనే చేస్తాను.”

థెరపీ గది లైబ్రరీ పక్కన ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. వాళ్ళు దగ్గరికి రాగానే లోపల్నుంచి ఓ ఆడపిల్ల గొంతు గలగలమంది.

“కాదు మిస్! ఎలుగుబంటికి చలెందుకేస్తుంది? దాని ఒంటి మీదే కోటుంది కదా! మళ్ళీ తప్పు చదివారు!” ఆ వెంటనే కిలకిలమని నవ్వు.

రోండా నడుం మీద చేతులు పెట్టుకుని కాడిల్ వైపు తిరిగింది. “విన్నారా? ఎవరి పిల్లనో కూర్చోబెట్టుకుని కబుర్లాడుతోంది. మరి నా పిల్లేది?”

కాడిల్ తలుపు సందులోంచి తొంగిచూశాడు. మెల్లగా వెనక్కి జరిగాడు.

“లోపల ఒక్క పిల్లే ఉంది, రోండా.”

ఆ మాట ఆమెకి ఒక పట్టాన ఎక్కలేదు. ఎక్కాక తలుపు తోసింది. మిస్ ఓడమ్ ఎదురుగా, బల్ల మీద మోచేతులు ఆనించి, ఇంకా నవ్వుతూనే తలెత్తింది బ్రైలీ. తల్లిని చూడగానే ఆ నవ్వు మాయమైంది. పెదాలు బిగుసుకున్నాయి.

రోండా చేతిలో ఫోన్ జారిపోయింది. అక్కడే నేల మీద మోకాళ్ళపై కూర్చుంది. సొంత కూతురి గొంతుని పోల్చుకోలేకపోయింది తను.

“నువ్వేనా... ఇప్పుడు మాట్లాడింది నువ్వేనా?”

బ్రైలీ మిస్ ఓడమ్ వైపు చూసింది.

“చెప్పు బంగారూ, మీ అమ్మే కదా,” అంది మిస్ ఓడమ్. ఆమె మొహమూ తెల్లబోయి ఉంది. “ఇంట్లోనూ ఇలాగే మాట్లాడుతోందనుకున్నానండీ నేను.”

“ఇన్నాళ్ళూ నాతో ఎందుకు మాట్లాడలేదే? నేనేం చేశాను తల్లీ?” రోండా కూతురి చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేసింది.

బ్రైలీ గోడల వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, తలుపు వైపు చూసింది. తల్లి చెవి దగ్గరికి వంగింది.

“ఇది మన ఇల్లు కాదుగా?”

కాదన్నట్టు తలూపింది రోండా.

“మరి, నాన్న తుపాకీ పట్టుకుని ఇల్లంతా వెతికిన రోజు మంచం కింద నువ్వేగా చెప్పావు, నేను సరే అనేదాకా ఇంట్లో నోరు విప్పకు అని... నువ్వింకా సరే అననే లేదమ్మా.”