పచ్చబొట్టు లేని చెయ్యి

జట్టులో అందరి చేతుల మీదా ఆ పేరుంది, ఒక్క మోసిన్ చేతి మీద తప్ప.

శివకుమార్ కడుపులో మంట అక్కడ పుట్టింది.

అతనిది మదనపల్లెలో టమోటా మండీ. నాయన చెంగయ్య పెట్టిన కబడ్డీ జట్టును ఆయన పోయాక కొడుకే సాకుతున్నాడు. సంవత్సరీకం నాడు ఆటగాళ్లను వరసగా కూర్చోబెట్టి, మోచేతి కింద ‘చెంగయ్య’ అని పచ్చబొట్టు పొడిపించాడు.

టీవీలో కనబడే పెద్దపెద్ద ఆటగాళ్లు భుజం నుంచి మణికట్టు దాకా పొడిపించుకోవడం లేదా, మన అవ్వలు మొగుడి పేరు పొడిపించుకోలేదా, అన్నం పెట్టినవాడి పేరు వేసుకునేందుకు సిగ్గేమిటి అన్నాడు.

ఆట చూడవచ్చే ముసలివాళ్లు మాత్రం, మా కాలంలో ఆటగాణ్ణి కాళ్లు చూసి గుర్తుపట్టేవాళ్లం, ఇప్పుడు చేతులు చూసి పట్టాల్సి వస్తోందని గొణుక్కున్నారు.

మోసిన్‌ది గుడుపల్లె. కొత్తగా చేరాడు. కూతకు పోయాడంటే పామే, చేతికి చిక్కడు. మాట మాత్రం తక్కువ.

“నాకొద్దన్నా,” అన్నాడు.

“యాల?”

“ఒకరికి మాటిచ్చినా.”

చొక్కా చెయ్యి కిందికి దించుకుని ఆటకు పోయాడు.

వాళ్ల మతం ఒప్పుకోదేమో అన్నారు కొందరు. అది పెండ్లికూతురి చెయ్యిరా, గోరింటాకు తప్ప ఇంకోటి పెట్టుకోదు అని నవ్వారు కొందరు.

శివకుమార్ లెక్క వేరు. పుంగనూరు జట్టువాళ్లు మోసిన్ చుట్టూ తిరుగుతున్నారని విన్నాడు. మాటిచ్చింది వాళ్లకే. రేపు ఇంకో జట్టుకు దూకేవాడు ఈ జట్టు గుర్తు ఎందుకు వేయించుకుంటాడు?

అయినా ఫైనలు దాకా పళ్లు బిగబట్టాడు.

భార్య దీప నిండు నెలలతో కుప్పంలో పుట్టింట ఉంది. ఆమెది ఎక్కడోగాని దొరకని రక్తం, బాంబే గ్రూపు. కాన్పు నాటికి రక్తం కావాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. అదే గ్రూపు మనిషిని ఒకణ్ణి వెతికి పట్టుకున్నామని, ఎప్పుడు పిలిచినా వస్తానన్నాడని కూడా చెప్పింది. ఆ బెంగ అట్లా తీరింది.

ఇక కప్పు గెలిచి బిడ్డ ఉయ్యాల పక్కన పెట్టాలి. మగబిడ్డ అయితే మళ్లీ చెంగయ్యే.

పుంగనూరు జట్టుతోనే ఫైనలు, వాళ్ల ఊళ్లోనే. రెండు జట్లూ సమానంగా వచ్చి నిలిచాయి. ఆఖరి కూత మోసిన్‌ది.

దొరికిపోయాడు.

బురదలో కాలు మెలిపడిందని చూసినవాళ్లు అన్నారు. అమ్ముడుపోయాడని శివకుమార్ అన్నాడు.

పైకి మాత్రం నవ్వుతూనే మోసిన్ భుజం మీద చెయ్యి వేశాడు. మదనపల్లెలో దిగాక, బస్టాండు పక్క సందులో మిషనుతో పచ్చబొట్లు వేసే దిల్షాద్ అంగడికి నడిపించుకుపోయాడు. వెనకనే మండీ మనుషులు నలుగురు వచ్చి షట్టరు దించారు. పట్టుకుని కుర్చీకి అదిమారు.

ఒప్పుకోని మనిషికి పొడవకూడదని దిల్షాద్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. అంగడి రేపటికి ఉండాలా వద్దా అని శివకుమార్ మెల్లగా అడిగాడు.

మోసిన్ కాసేపు పెనుగులాడాడు. తర్వాత బతిమాలాడు.

“అన్నా, ఒక్క నెల తాళు. తర్వాత ఒళ్లంతా మీ నాయన పేరే పొడిపించు.”

“నెల తర్వాత నువ్వు పుంగనూరోళ్ల బనీనులో ఉంటావు.”

“అది కాదన్నా. ఆస్పత్రిలో…”

“ఆస్పత్రికి పోవల్లంటే సెప్పప్పా. కాళ్లిరిసి మేమే పంపిస్తాము.”

నలుగురూ నవ్వారు. అతను మళ్లీ నోరు తెరవబోతే శివకుమారే తువ్వాలు ఉండచుట్టి కుక్కాడు.

“పెద్దక్షరాలు పెట్టు దిల్షాద్. దూరం నుంచే కనపడల్ల.”

మిషను గుయ్యిమంది. ఒక్కో అక్షరం పడేకొద్దీ శివకుమార్ కడుపు చల్లబడింది. మండీలో రోజూ ఆ ముచ్చట చెప్పి నవ్వించాడు.

ఆ వారం తిరక్కముందే కుప్పం నుంచి ఫోను వచ్చింది.

అతను కారు దిగేసరికి దీపను లోపలికి తీసుకుపోయారు. రక్తం పోతోంది. డాక్టరు ఫర్హానా బయటికి వచ్చి, ఆపరేషను చేయక తప్పదని, చేతిలో రక్తం లేదని చెప్పింది. బెంగళూరుకు మనిషిని పంపామంది.

“ఇస్తానన్నాయన ఏమైనాడమ్మా?”

“పిలిస్తానే వచ్చినాడప్పా. ఆయన రక్తం తీసుకోకూడదు. చేతిమీద పచ్చి పచ్చబొట్టు ఉండాది. సూదితో జబ్బులేమన్నా వచ్చుంటాయేమోనని, పొడిపించుకున్న ఏడాది దాకా ఎవరి రక్తమూ తీసుకోము.”

శివకుమార్ కళ్లు ఎర్రబడ్డాయి. ఒక ప్రాణానికి మాటిచ్చి, నాలుగు రోజులు ఓర్చుకోలేక సోకు చేసుకున్నాడా? తన ఇల్లు కూల్చినవాడి మొహం చూడాలి.

“యాడుండాడమ్మా వాడు? ఆ చెయ్యి ఇరస్తా.”

“వరండాలో ఉండాడు. పొమ్మంటే పోలేదు. ఇంకేమన్నా దారుంటే సూడండమ్మా అని పొద్దున్నించీ అడగతానే ఉండాడు.”

శివకుమార్ చొక్కా చేతులు మడుచుకుంటూ విసురుగా వరండాలోకి నడిచాడు.

బల్ల చివర మోసిన్ కూర్చుని, ఇంకా పొక్కు రాలని ‘చెంగయ్య’ అక్షరాలను తడిగుడ్డతో రుద్దుతున్నాడు.