నత్తగారి నడక

ఆయన మళ్ళీ వంగి బూటు లేసు విప్పి కట్టుకుంటున్నాడు.

కొండ మలుపులో చెట్ల నీడన కూర్చున్నవాళ్ళంతా ఆయన వంకే చూస్తున్నారు. కింద సముద్రం మెరుస్తోంది.

"మన నత్తగారు వేంచేస్తున్నారు, లేవండి" అంది ఆడపడుచు.

అందరూ నవ్వారు. పక్కనే కూర్చున్న ఆమె వదిన, దర్జీ పని చేసే ఆవిడ, తనూ నవ్వింది.

అది ఐదు రోజుల నడక. కొంత సముద్రపు ఒడ్డున, కొంత అడవిలో. సామాను వ్యానులో ముందే బసకు చేరిపోతుంది. మనుషులు మాత్రం నడిచి చేరుకోవాలి. గైడు పెట్టిన నియమం ఒక్కటే. ముందు వెళ్ళినవాళ్ళు మలుపు దగ్గర ఆగాలి. చివరి మనిషి రాగానే అందరూ కలిసి బయలుదేరాలి.

ఆ చివరి మనిషి ఎప్పుడూ ఆయనే. పొడుగ్గా, బక్కగా, నెరిసిన జుట్టుతో ఉంటాడు. ఒకచోట గవ్వ ఏరతాడు. ఇంకోచోట చెట్టు బెరడు తడిమి చూస్తాడు. వదిన వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, ఆయాసం తీర్చుకుని, కాళ్ళు చాపుకున్నాక గానీ ఆయన తల కనబడదు.

ఎవరైనా తొందరపెడితే, సముద్రం ఎక్కడికీ పోదు కదా అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

వదినకు ఆ నిదానం చూస్తే ఒళ్ళు మండేది. ఆమె బెంగంతా చివరి రోజు గురించి. ఆ రోజు లైట్‌హౌస్ ఉన్న రాతిదిబ్బకు చేరాలి. దిబ్బకు వెళ్ళే ఇసుక దారి ఆటు సమయంలోనే బయటపడుతుంది. పోటు మొదలయ్యేలోగా దాటలేకపోతే అందరూ వెనక్కి తిరగవలసిందేనని గైడు మొదటి రోజే చెప్పాడు.

ఆ లైట్‌హౌస్ చూడాలన్నది ఆమె భర్త కోరిక. "ఇన్నేళ్ళు మిషను తొక్కావు, ఒక్క ఊరూ చేరలేదు. ఈసారి నేను చేరుస్తాను చూడు" అని వేళాకోళం చేసేవాడు. ఇద్దరి పేర్లూ ఇచ్చి, ఇద్దరికీ బూట్లు కొని, తీరా బయలుదేరే రోజులు దగ్గర పడ్డాక కన్నుమూశాడు. ఆయన బదులు ఆయన చెల్లెలు వదినకు తోడు వచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం వదిన గైడును పక్కకు పిలిచింది.

"బాబూ, రేపు ఆ పెద్దాయన్ని బసలోనే ఉండిపొమ్మనకూడదూ? ఆయన మూలంగా నేను అక్కడికి చేరకపోతే..."



గైడు ఆమె వంక కాసేపు చూశాడు. చూద్దాం లెండమ్మా అని తప్పుకున్నాడు.

తెల్లారి ఫలహారాల దగ్గర ఆయన కనబడలేదు. కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే తొలి బస్సుకే వెళ్ళిపోయాడట. వదినకు గుండెల మీది బరువు దిగినట్టయింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉండాలని మనసులోనే కోరుకుంది.

మొదటి మలుపు దగ్గరికి ఆమె చేరేసరికి అందరూ తీరిగ్గా కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే లేచి, సంచులు తగిలించుకుని బయలుదేరారు.

రెండో మలుపులోనూ అంతే. నీళ్ళసీసా మూత తీసేలోగా ముందువాళ్ళ వీపులు కనబడ్డాయి.

అడవి దాటే చోట ఆమెకు ఆయాసం ఎక్కువైంది. పడిపోయిన మాను మీద కూలబడి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూసింది.

దారి ఖాళీగా ఉంది.

ఆడపడుచు వెనక్కి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది వదినా?"

"ఇన్నాళ్ళూ అందరికంటే వెనకబడింది నేనేనే."

"అదేంటి? నీ వెనకాల నత్తగారు..."

"ఆయన ఆలస్యంగా రాబట్టే కదే, ఇన్నాళ్ళూ నేను కూర్చోగలిగింది."

 ఆడపడుచు వదిన కాళ్ళ దగ్గర కూర్చుని బూట్ల లేసులు వదులు చేసింది.

గైడు వచ్చాడు. ముందువాళ్ళను ఆగమని చెప్పే వచ్చానన్నాడు.

"వెళ్తూ వెళ్తూ ఆయన నాకు చెప్పే వెళ్ళారమ్మా, మీరు వచ్చాక కాసేపు ఆగమని. పోటు భయంతో నేనే తొందరపడ్డాను. ఊపిరి కుదుటపడనివ్వండి. టైముంది."

వదిన తనివితీరా నీళ్ళు తాగింది. ఆకుల సందుల్లోంచి గాలి వచ్చి చెమట ఆర్చింది.

ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ఆమె కూర్చున్నాకే మిగతావాళ్ళు లేచారు. ఇసుక దారి దాటేటప్పుడు నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి గానీ, దాటేశారు.

లైట్‌హౌస్ గోడకు చెయ్యి ఆనించి, "వచ్చానండీ" అంది వదిన, ఎవరికీ వినబడకుండా.

తిరుగు ప్రయాణానికి పడవ వచ్చేలోగా గైడు దగ్గరికి వెళ్ళింది. ఆ పెద్దాయన ఫోను నంబరు సంపాదించి పెట్టమంది. క్షమించమనాలో, చల్లగా ఉండమనాలో తెలియడం లేదంది.

"నాకు ఏమీ కాని మనిషి. అందరి చేతా మాటలు పడుతూ అంత ఓపిక ఎలా పట్టాడు బాబూ?"

గైడు వాళ్ళు నడిచి వచ్చిన ఇసుక దారి వైపు చూశాడు. దాని మీద నీళ్ళు కమ్ముకుంటున్నాయి.

"పోయినేడు ఇదే దారిలో అందరికంటే ముందు నడిచింది ఆయనేనమ్మా. అందరికంటే వెనక, ఎక్కడా కూర్చునే వీలు దొరక్క నడిచింది, ఆ తర్వాత కాలం చేసిన వాళ్ళావిడ."