మెత్తటి జత

“పీకెయ్. మామూలు షాక్ అబ్జార్బర్లు వేసెయ్. ఉన్నవాటిలోకెల్లా గట్టివి,” అన్నారు మాస్టారు.

మెకానిక్ చేతిలో పానా అలాగే ఉండిపోయింది. ఆ పాత కారు వెనకవైపున్న హైడ్రాలిక్ సస్పెన్షన్‌ని పన్నెండేళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నది అతనే. ఎంత బరువెక్కినా పంపు నూనెని తోసి కారుని సమంగా నిలబెడుతుంది. గతుకుల్లో పోతున్నా వెనక ఉన్న మనిషికి ఉయ్యాల ఊగినట్టే ఉంటుంది.

మాస్టారి భార్యకి వెన్నునొప్పి. చిన్న కుదుపుకే విలవిల్లాడిపోయేది. అందుకని వెనక సీటు మడిచి, పరుపు పరిచి తిప్పేవారు. విడిభాగాలు దొరకని రోజుల్లో కూడా మాస్టారు మెకానిక్‌ని బతిమాలి, కసిరి, ఎలాగోలా బాగు చేయించుకునేవారు.

“ఇంకో ఏడాదిదాకా ఢోకా లేదు మాస్టారూ. పైగా అమ్మగారికి మొన్నమొన్ననే ఆపరేషనైంది. గట్టివి వేస్తే లారీలా కుదిపేస్తుంది.”

“చెప్పింది చెయ్యవయ్యా!”

మెకానిక్ కారులోకి తొంగిచూశాడు. “మీరైనా చెప్పండమ్మా.”

“గట్టివే వెయ్యి బాబూ,” అందావిడ పరుపు మీంచి, కారు కప్పుకేసి చూస్తూ.

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. చేసీ చేసీ విసుగెత్తినట్టుంది పెద్దమనిషికి! ఆవిడేమో మొగుడికి ఎదురు చెప్పలేక తలూపింది. జాలేసింది.

మర్నాడు కారు తన చేతికి రాగానే ఊళ్ళో ఉన్న దుకాణాలన్నీ గాలించి, అన్నిటికన్నా మెత్తటి జత తెచ్చి బిగించాడు. స్ప్రింగులూ మెత్తటివే. మాస్టారికి మాత్రం చెప్పలేదు. తెలిస్తే నాలుగు తిట్లు తిడతారు, అంతేగా అనుకున్నాడు.

ఆరో రోజున కారు మళ్ళీ వచ్చింది. అద్దాలదాకా దుమ్ము. మాస్టారి కళ్ళు లోతుకు పోయాయి. వెనక పరుపు మీద ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. చెంపలు తడిగా ఉన్నాయి.

“నిజం చెప్పు. గట్టివే వేశావా?”

దొరికిపోయాననుకున్నాడు మెకానిక్.

“నా పిల్లల మీద ఒట్టు మాస్టారూ. ఇంతకన్నా గట్టివి ఎక్కడా దొరకవు.”

మాస్టారు బానెట్ మీద చెయ్యి ఆనించారు.

“అంత గట్టివాటితో ఐదు రోజులు రాళ్ళదారుల్లో తిప్పినా ఎక్కడా చురుక్కుమనలేదని ఆవిడ అందంటే, ఆపరేషనప్పుడు నడుం కింద పోయిన స్పర్శ ఇక తిరిగి రాదన్నమాటే,” అన్నారు.