వెలుతురు పరీక్ష

“ఇదీ నచ్చలేదన్నావంటే నిన్నిక్కడే వదిలేసి పోతాను,” అంది అక్క కాలేజీ గేటు ముందు. “కుంటుకుంటూ నువ్వే రా ఇంటికి.”

“నాకు నచ్చకపోవడమేంటక్కా? నేనే వాళ్లకి నచ్చట్లేదు,” అన్నాడు తమ్ముడు.

అదీ నిజమే. సైన్యం నుంచి గాయాలతో తిరిగొచ్చినవాళ్లకు లేత్ మిషన్ మీద ఇనుము కోసే పని నేర్పుతామని బోర్డు పెట్టిన కాలేజీలు ఊళ్లో మూడే. మొదటిదాంట్లో వర్క్‌షాపు మేడ మీద ఉంది. సగం మెట్లెక్కేసరికి అతని ఎడమకాలు మొరాయించింది. “కింద కూర్చుని పుస్తకం చదువుకోవచ్చుగా,” అన్నారు వాళ్లు. రెండోదాంట్లో భోజనాల వేళకి సైరన్ మోగింది. తేరుకుని చూసుకునేసరికి అతను బల్ల కింద ఉన్నాడు. చుట్టూ నవ్వులు.

ఇది మూడోది. ఇదీ పోతే ఇంకోటి లేదు. ఆఖరికి కాపలా పనికి కూడా రెండు కాళ్లూ సరిగ్గా ఉన్నవాడే కావాలంటున్నారు.

గేటు దాటుతుంటే అతని చెయ్యి వణికింది. జేబులో పెట్టుకున్నాడు.

“మళ్లీ ఆ ఇనప ముక్కేనా?” అక్క కసిరింది. “డాక్టరు నీ తొడలోంచి తీసిస్తే పారెయ్యక, తాయెత్తులా మోసుకు తిరుగుతావేంట్రా?”

“శత్రువు ఫిరంగిలోంచి పంపిన కానుకక్కా. పారేస్తే నొచ్చుకోడూ? నాకు చిన్నది వచ్చింది. నా పక్కవాడికి పెద్దది.”

అక్క అతని చొక్కా కాలరు సరిచేసి ముందుకి నడిచింది.

గోరంత ముక్క అది. ఒకవైపు సన్నటి పళ్లు. వాటి మీద బొటనవేలు అటూ ఇటూ రుద్దుతుంటే అతనికి వణుకు కాస్త తగ్గేది.

వర్క్‌షాపులో ముసలి ఇన్‌స్ట్రక్టరు ఎదురొచ్చాడు. ఎక్కడ దెబ్బ తగిలిందని అడగలేదు. ఒక లేత్ ముందున్న ఎత్తు స్టూలు చూపించి, “కూర్చునే పని చెయ్యొచ్చు బాబూ. కాలుతో మనకేం పని?” అన్నాడు.

అంతా కింది అంతస్తులోనే ఉంది. గంట లేదు, సైరన్ లేదు. భోజనాల వేళకి గోడ మీద పచ్చదీపం వెలుగుతుంది. పెద్ద మిషన్ వేసేవాడు “వేస్తున్నా!” అని ముందు కేక పెడతాడు. అందరూ “ఊఁ” అన్నాకే మీట నొక్కుతాడు.

అక్క కళ్లప్పగించి చూసింది. “ఇదంతా ఎవరు పెట్టించారు సార్?”

“ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీవాళ్లమ్మా. సైన్యానికి సరుకు చేస్తారు. ఇక్కడ పని నేర్చుకున్నవాడు రోడ్డు దాటితే చాలు, ఉద్యోగం.”

అక్క తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. “విన్నావా?”

“అయితే ముందు చెయ్యి చూడాలి,” అన్నాడు ఇన్‌స్ట్రక్టరు. “వణికే చేతికి సీటివ్వలేను. తిరిగే ఇనుముకి మొహమాటం ఉండదు.”

లేత్‌కి ఒక ఇనప ముక్క బిగించి, మిషన్ తనే సర్ది, పిడి అతని చేతికిచ్చాడు. ముక్క చుట్టూ మర, అంటే బోల్టుకుండే పళ్లు, కొయ్యాలి. అతను ఊపిరి బిగబట్టి పిడి తిప్పాడు. పనిముట్టు ఇనుముని తాకింది. రజను మెరుస్తూ చుట్టలు చుట్టలుగా రాలింది. చెయ్యి వణకలేదు. అది అతనికంటే ముందు అక్క గమనించింది.

మిషన్ ఆగాక ఇన్‌స్ట్రక్టరు ముక్కని ఊడదీశాడు. రంపంలా పళ్లున్న చిన్న కొలత రేకుని దాని మీద ఆనించి, కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు.

“చూడు. పళ్లలో పళ్లు కూర్చోవాలి. సందులోంచి వెలుతురు కనపడిందా, రెండూ వేరే జాతి, ముక్క చెత్తబుట్టకే. కనపడలేదా, రెండూ ఒకటే.” కన్ను చికిలించి చూశాడు. “లేదు. చుక్క వెలుతురు కూడా లేదు! సీటు నీదేనయ్యా.”

అక్క ముఖం అటు తిప్పుకుంది. ముక్కు చీదుకున్న శబ్దం వినిపించింది.

ఇన్‌స్ట్రక్టరు ఆ ముక్కని అతని చేతిలో పెట్టాడు. “దాచుకో. మొదటి పని. ఇది బజార్లో దొరికే మర అనుకునేవు. మన ఫిరంగి గుండు మూతికి బిగించే బిరడా ఇది. ఈ కొలత ఈ ఫ్యాక్టరీ సొంతం, ప్రపంచంలో ఇంకెవడూ కొయ్యడు. మన బిరడా శత్రువు చేతికి చిక్కినా వాడి గుండుకి పట్టదు. పట్టకూడదనే ఇలా పెట్టారు.”

ముక్క ఇంకా వెచ్చగా ఉంది. అతని బొటనవేలు అలవాటు కొద్దీ పళ్ల మీద అటూ ఇటూ జరిగింది. ఆగింది. మళ్లీ జరిగింది.

“సోమవారం నుంచి పంపనా సార్ వీణ్ణి?” అక్క అడుగుతోంది. “పొద్దున్నే లేపి తోలుకొచ్చే పూచీ నాది.”

“పంపమ్మా. టీ మాత్రం వాడే తెచ్చుకోవాలి. ఇక్కడి టీ తాగితే రెండో కాలు కూడా పోతుంది.”

అక్క చాలా రోజుల తర్వాత పైకి నవ్వింది. “ఏరా, విన్నావా? ఏంట్రా అలా బిగుసుకుపోయావ్?”

“ఏం లేదక్కా.”

అతను కిటికీ దగ్గరికి నడిచాడు. జేబులోంచి గోరంత ముక్క తీసి, తను కోసిన మర మీద ఆనించాడు. నొక్కే పని లేకుండానే కూర్చుంది. రెండింటినీ కలిపి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూశాడు. ఇటు తిప్పాడు. అటు తిప్పాడు.

బయట ఎండ మండిపోతోంది. సందులోంచి చుక్క వెలుతురు కూడా రాలేదు.